పటం వెనక అట్ట

మా ఇంటి వసారాలో గోడకు ఒక పెద్ద పటం ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు దేవుడి పటమనుకుని చెప్పులు విడిచి దగ్గరికి వెళ్తారు. తీరా చూస్తే తలపాగాలు, మీసాలు, ముక్కుపుడకలు, చంకలో పిల్లలు. అందులో ఉన్నది మా అత్తగారి వైపు వాళ్ళూ, మామగారి వైపు వాళ్ళూ.

నేను కాపరానికి వచ్చేటప్పటికే ఆ పటం అక్కడుంది. జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళే బస్సు దిగి, పత్తి చేల మధ్య లోపలికి నడవాల్సిన ఊరు మాది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఆల్బమ్ ఉన్న ఇల్లు లేదు. ఇంట్లో ఉన్న ఫోటోలన్నిటినీ ఒకే అట్ట మీద అన్నం మెతుకులతో అంటించి, పైన అద్దం వేసి, చుట్టూ చెక్క బిగించి పటం కట్టించేవాళ్ళు. అందరూ దాన్ని గుమ్మం మీద తగిలిస్తే, మా అత్తగారు మాత్రం చెయ్యి అందే ఎత్తులో పెట్టించుకుంది. ఎందుకంటే శుక్రవారం శుక్రవారం తలంటు పోసుకుని, తడిబట్టతో ఆ అద్దాన్ని తుడవాలి. పెద్దలున్న పటం మడిగా ఉండాలని ఆమె పట్టుదల.

తుడవడం అయ్యాక ఎవరు కనపడితే వాళ్ళకి పటం చెప్పేది. పాలకు వచ్చిన పక్కింటామె అయినా సరే, గేదెను చూడవచ్చిన బేరగాడైనా సరే. అద్దం మీద వేలు పెట్టి పై మూల నుంచి మొదలుపెట్టేది. "ఇది మా అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఇదే. దీని పక్కన మా చిన్నాన్న. ఈ కిందాయన మా మామగారు, పులి ఎదురొస్తే పక్కకి తప్పుకోమనే రకం." వేలు అట్లా పోతూ ఉండేది, మాట వెంట వచ్చేది. వినేవాళ్ళు తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంట్లో వాళ్ళం అసలు వినేవాళ్ళమే కాదు. రోజూ వినపడే మాటకి విలువేముంటుంది?

ఆ మనుషుల పేర్లు ఎక్కడా రాసి లేవు. రాసి ఉన్నా అప్పట్లో నాకు ఉపయోగం లేదు. నాకు చదువు రాదు. మా పుట్టింట్లో మగపిల్లలు బడికీ, ఆడపిల్లలం మిరపకాయ కోతకీ వెళ్ళేవాళ్ళం. డెబ్బైల చివర్లో మా ఊళ్ళో వయోజన విద్య బడి పెట్టారు. పొలం నుంచి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, దాన్ని మా అమ్మాయికి అప్పజెప్పి వెళ్ళేదాన్ని. పలక పట్టుకుని వీధిలో నడుస్తుంటే అరుగుల మీది ఆడవాళ్ళు, "ఏం కలెక్టరు గారూ, ఆఫీసుకేనా?" అనేవాళ్ళు. "అవునండీ, మీ అర్జీలుంటే ఇవ్వండి" అని పోయేదాన్ని. మొదట చదివింది బస్సు బోర్డు. నందిగామ అన్న మాట దూరం నుంచి గుర్తుపట్టి, ఎవర్నీ అడక్కుండా ఎక్కి కూర్చున్న రోజు, టిక్కెట్టు తీసుకునేటప్పుడు ఊరి పేరు కావాలని గట్టిగా చెప్పాను.

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం. పటంలో కింది వరస ఫోటోలు ఉబ్బినట్టు కనపడ్డాయి. దగ్గరికెళ్ళి చూస్తే అద్దం లోపల సన్నటి పురుగు పరుగెత్తుతోంది. మా అత్తగారు ఏళ్ళ తరబడి తుడిచిన తడి అంతా కిందికి జారి, చెక్క సందులోంచి లోపలికి దిగి, అట్టని నానబెట్టింది. భక్తితో పోసిన నీళ్ళు మనుషుల్నే తినేస్తున్నాయి. కుడివైపు కింది మూల ఫోటోలో అయితే రెండు కాళ్ళూ, ఒక కర్రా మాత్రమే మిగిలాయి. మిగతా మనిషిని పురుగు తినేసింది.

మా ఆయనతో చెప్పి ఆ పటాన్ని దుప్పట్లో చుట్టి జగ్గయ్యపేట తీసుకెళ్ళాను. పటాలు కట్టే కొట్టాయన మేకులు పీకి, అట్ట బయటికి తీసి, నోరు చప్పరించాడు.

"మెతుకులతో అంటిస్తే ఏమవుతుందమ్మా, పురుక్కి భోజనం పెట్టినట్టే కదా."

"మరి మీరు దేనితో అంటిస్తారండీ?"

"మైదా ఉడకబెట్టి."

"అది మాత్రం పురుగు తినదా?"

ఆయన నా వంక చూసి నవ్వాడు. "అయితే అంటించనులేమ్మా. నల్ల కాగితానికి గాట్లు పెట్టి మూలలు దూరుస్తా. రేపు కావాలంటే ఊడదీసుకోవచ్చు కూడా."

అట్లాగే చేయమన్నాను. బ్లేడుతో ఒక్కొక్క ఫోటోనీ ఒడుపుగా లేపాడు. తినేసిన ఫోటో ఇక పనికిరాదని పక్కన పడేశాడు. పాత అట్ట కూడా పారేయబోతే రెండూ అడిగి తీసుకున్నాను. గట్టి అట్ట. మా ఇంట్లో గట్టి వస్తువు ఏదీ వీధిలోకి పోదు. చింతపండు జాడీ కింద వేస్తే నేల మీద ఉప్పు చెమ్మ దిగదని నా ఆలోచన.

కొత్త పటం చాలా ముచ్చటగా వచ్చింది. పెద్ద ఫోటోలు మధ్యలో, చిన్నవి చుట్టూ, ముగ్గు వేసినట్టు పేర్చాడు. గోడకు తగిలించిన రోజే మా వదినగారు, అంటే మా ఆయన అక్కగారు, నందిగామ నుంచి వచ్చారు. ఆమె అంటే ఇంట్లో అందరికీ కాస్త భయం. పట్నంలో ఉన్న మనిషి, మాట సూటిగా ఉంటుంది.

"బాగుందే అమ్మాయ్. ఇప్పుడు మనుషుల ఇల్లులా ఉంది" అన్నారు.

మా అత్తగారు మురిసిపోతూ లేచి వచ్చింది. అలవాటుగా పై మూల మీద వేలు పెట్టింది. "ఇదుగో, ఇది మా అక్క."

అక్కడున్నది మామగారి తమ్ముడు. ఖాకీ నిక్కరు, బుర్ర మీసాలు.

మా పిల్లలు పగలబడి నవ్వారు. వదినగారు కూడా నవ్వుతూనే, "అమ్మా, మీ అక్కకి మీసాలెప్పుడొచ్చినయ్యే?" అన్నారు.

అత్తగారు వేలు తీయలేదు. "నీ మొహం. మీసాలేంటి?"

"నువ్వు చూపించేది బాబాయిని."

"అయితే ఆ పటం కట్టినోడు మార్చేశాడు. మావాళ్ళని ఎవరింటికో పంపించి, ఎవరోళ్ళనో మనకి అంటగట్టాడు." ఆమె వేలు పక్కకి జరిపింది, కిందికి జరిపింది. ఏ మనిషి పేరు చెప్పినా అక్కడ ఇంకో మనిషే ఉన్నాడు. చిన్నాన్న అన్నచోట పెళ్ళికూతురు. మామగారన్నచోట సైకిలు. చివరికి చెయ్యి దించేసి మంచం మీద కూర్చుంది. పిల్లలు కూడా నవ్వడం మానేశారు.

వంటింట్లోకి వచ్చాక వదినగారు గొంతు తగ్గించి అన్నారు. "అమ్మకి మతి తప్పుతోందే. సొంత అక్కని కూడా గుర్తుపట్టట్లా. ఇంక ఆమె చెప్పేదేదీ పట్టించుకోకండి. అయినా ఆ పటంలో సగం మంది ఎవరో మనకే తెలీదు. మళ్ళా ఆదివారం వస్తా. మా పిల్లల కలరు ఫోటోలు తెస్తా. ఆ తెలియనోళ్ళని తీసేసి వీళ్ళని పెడదాం."

 ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మా అత్తగారు ఆ ఇంటిని నడిపిన మనిషి. విత్తనం ఎప్పుడు వేయాలో, ఏ గేదె ఎప్పుడు ఈనుతుందో ఆమెను అడిగే చేసేవాళ్ళు. ఇప్పుడు మతి తప్పిందన్న మాట ఒక్కసారి ఇల్లు దాటితే, ఇక ఆమె నోటి నుంచి ఏ మాట వచ్చినా అందరూ అట్లాగే నవ్వుతారు. ఆమెకు మాత్రమే తెలిసిన మనుషులు కూడా ఆదివారంతో గోడ దిగిపోతారు.

మర్నాడు నేను గేదెకు గడ్డి వేసి వస్తుంటే ఆమె పటం ముందు ఒంటరిగా నిలబడి ఉంది. ముఖం పటం వైపు లేదు, వీధి వైపు ఉంది. చెయ్యి మాత్రం పటం మీద ఉంది. చెక్క మూల నుంచి జానతో కొలుచుకుంటోంది. జానెడు పక్కకి, బెత్తెడు కిందికి. అక్కడ వేలు ఆపి, ఏదో గుర్తొచ్చినట్టు పెదాలు కదిపింది.

అప్పుడు నాకు చాలా సంగతులు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. బియ్యంలో రాళ్ళు ఆమె వేళ్ళతో తడిమి ఏరుతోంది. సూదిలో దారం ఎక్కించమని మా అమ్మాయికి ఇస్తోంది. వాకిట్లో ఎవరైనా వస్తే వాళ్ళు మాట్లాడేదాకా పలకరించడం లేదు.

పక్కకెళ్ళి కూర్చుని అడిగాను. "అత్తయ్యా, మీకు కళ్ళు కనపడట్లేదు కదూ?"

"నీడలు కనపడతయ్" అంది. "ఎవరికీ చెప్పమాక. ఆపరేషనంటారు, కళ్ళకి గంతలు కట్టి పడుకోబెడతారు."

"మరి ఇన్నాళ్ళూ పటం ఎట్లా చెప్పారు?"

"కళ్ళతో చెప్పాలా ఏంటి? ఎవరెక్కడున్నారో నాకు తెలీదా? వాళ్ళని అక్కడ పెట్టింది నేనే."

ఆమె మతికి ఏమీ కాలేదు. కొట్టాయన మనుషుల్ని మార్చలేదు, చోట్లు మార్చాడు. పాత వరస మాలో ఒక్కరికీ గుర్తు లేదు. మా ఆయన్ని అడిగితే, "నాన్న ఫోటో మధ్యలో ఉండేదనుకుంటా" అన్నాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనిషి చెప్పగలిగింది అంతే.

రెండు రోజులు అదే ఆలోచన. మూడో రోజు పప్పులోకి చింతపండు తీద్దామని జాడీ దగ్గర కూర్చున్నాను. జాడీ కాస్త జరిపితే కింద అట్ట మీద లేత రంగు చదరం ఒకటి, దాని మూలల్లో ఎండిపోయిన మెతుకులు. జాడీ పూర్తిగా ఎత్తి పక్కన పెట్టాను.

అట్ట అంతా పొగచూరి గోధుమరంగుకి తిరిగింది. ఫోటోలు ఉన్నచోట మాత్రం పొగ తగలక తెల్లగా ఉంది. ఎన్ని ఫోటోలో అన్ని తెల్లటి మచ్చలు. ఒకటి కోడిగుడ్డు ఆకారం. ఒకటి అంచులు వంకీలు వంకీలుగా ఉన్నది. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. అందరూ లేచి వెళ్ళాక పీటలు మిగిలినట్టు, ఎవరి చోటు వారిది అట్లాగే ఉంది.

చెయ్యి కడుక్కుని, ఆ అట్టని పొడిగుడ్డతో తుడిచి మంచం మీద పరిచాను. పటం దించాను. మా ఆయన పొలం నుంచి వచ్చి చూసి, "మొన్ననేగా కట్టించింది" అన్నాడు. "మేకులు పీకిపెట్టండి, తరవాత చెప్తా" అన్నాను. పీకి ఇచ్చాడు.

కోడిగుడ్డు ఆకారం ఫోటో దాని చోట్లో సరిగ్గా కూర్చుంది. వంకీల అంచుది కూర్చుంది. పెద్దవి తేలిగ్గానే దొరికాయి. రెండు ఫోటోలు మాత్రం ఒకే కొలత. దీన్ని అక్కడ పెట్టినా సరిపోతుంది, దాన్ని ఇక్కడ పెట్టినా సరిపోతుంది. వాటిని తిప్పి తిప్పి చూశాను. ఒకదాని అంచున పురుగు కొరికిన సందు ఉంది. అట్ట మీద కూడా ఒక మచ్చ పక్కన సన్నటి గాడి. రెండూ కలిపితే పురుగు అట్టలో మొదలుపెట్టి ఫోటోలోకి నడిచిన దారి ఒకటే అయింది. ఇంతమందిని తిన్న పురుగు ఆ ఒక్క మేలు చేసిపెట్టింది.

అత్తగారిని మాత్రం ఆదివారం దాకా ముట్టుకోనివ్వలేదు. ముందే చూపిస్తే కోడలు నేర్పిపెట్టిందని వదినగారు అంటారు. అనే మనిషే.  ఏ ఒక్కటి తప్పు చోట పెట్టినా, అత్తగారికి ఉన్న పరువు కాస్తా నేనే తీసినదాన్నవుతాను.

వదినగారు కలరు ఫోటోల కవరుతో వచ్చారు. మంచం మీద పరిచిన అట్ట చూసి, "ఏంటే ఇది, పేకాటా?" అన్నారు.

"వదినగారూ, ఒక్కసారి కూర్చోండి. పాత పటంలో ఎవరి చోట్లో వాళ్ళని పెట్టా. అత్తయ్య చెప్తారు, మీరు చూడండి."

అత్తగారిని తీసుకొచ్చి మంచం పక్కన పీట మీద కూర్చోబెట్టాను. ఆమె ముందు అట్ట అంచులు నాలుగువైపులా తడిమి చూసుకుంది. మెతుకుల గరుకు చేతికి తగిలినట్టుంది, ముఖం మారింది. పై మూలకి వేలు పోయింది.

"ఇది మా అక్క."

వదినగారు వంగి చూశారు. రాజుగారి మేడ బొమ్మ వేసిన పరదా ముందు నిలబడ్డ ఒక ఆడమనిషి, పక్కన ఒక పిల్ల. ఎవరో తెలియనివాళ్ళని తీసేద్దామని పోయినసారి వెళ్ళేముందు ఆమె మొదట వేలు పెట్టి చూపించిన ఫోటో అదే.

"మీ అక్కని నేను చూడలేదుగా. ఇది ఆమేనని నాకెట్లా తెలుస్తుంది?"

"వేదాద్రి తిరనాళ్ళలో తీశారు. పరదా కట్టి తీసేవాడు. మా అక్క ఒట్టి కాళ్ళతో నిలబడితే, వాడు ఫోటోలో బాగోదని వాడి భార్య చెప్పులిచ్చాడు. మా అక్క పుట్టాక చెప్పులేసుకోవడం అదే. అవి పెద్ద చెప్పులు, మడమ సగందాకే వచ్చింది. చూడు."

వదినగారు ఫోటో చేతిలోకి తీసుకుని వెలుతురులోకి వెళ్ళారు. మా అమ్మాయి వెంట వెళ్ళి తొంగిచూసి, "అవునత్తా, చెప్పులు చాలా పెద్దవి" అంది.

"పక్కనున్న పిల్లెవరు?" అన్నారు వదినగారు. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు.

"దాని మొహం సరిగ్గా పడలేదు కదూ? కదలొద్దన్నాడు. అప్పుడే దేవుడి రథం గంటలు వినపడితే తల తిప్పింది. ఎవరో కాదే, నేనే."

 వదినగారు ముఖం చెదిరిపోయిన ఆ పిల్లని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. వాళ్ళమ్మ చిన్ననాటి ఫోటో ఇంకొకటి లేదు. నేను తలొంచుకుని చీర కొంగు సర్దుకున్నాను కానీ, లోపల మాత్రం బస్సు బోర్డు చదివిన రోజుకన్నా ఎత్తులో ఉన్నాను.

తరవాత అందరూ వరసగా వచ్చారు. చిన్నాన్న చోట చిన్నాన్న, మామగారి చోట మామగారు. ఖాకీ నిక్కరాయన దగ్గరికి వచ్చేసరికి, "వీడు ఇక్కడ ఉండాల్సినోడు, మా అక్క చోట్లో ఎక్కి కూర్చుంటే ఊరుకుంటానా?" అంది అత్తగారు. అందరం నవ్వాం. మొదట నవ్వింది ఆమే.

కళ్ళ సంగతి ఇక దాగలేదు. మా ఆయన ఒక్క మాట కూడా కోప్పడకుండా, ఆ మరుసటి ఎండాకాలం ఆపరేషన్ చేయించి సీసా అడుగులాంటి కళ్ళద్దాలు పెట్టించాడు.

వదినగారు ఆ ఆదివారం వెళ్తూ కలరు ఫోటోల కవరు తిరిగి సంచిలో పెట్టుకున్నారు. "మా పిల్లలకి వేరే పటం కట్టించుకుంటాలే. వీళ్ళనెవర్నీ కదిలించమాకు. ఈ వరస మళ్ళా మర్చిపోతాం అందరం. ఎక్కడన్నా రాసిపెట్టు."

"రాసిపెట్టు" అని నాతో ఒకరు అనడం అదే మొదటిసారి.

రాయడం నేననుకున్నంత తేలిక కాలేదు. నాకు పలక మీద నొక్కి రాసే అలవాటు. పనికిరాకుండా పోయిన ఆ కాళ్ళూ కర్రా ఫోటో దాచి ఉంచాను, దాని వెనక బాల్ పెన్నుతో రాసి చూశాను. ముందు వైపు అక్షరాలు ఉబ్బెత్తుగా లేచాయి. ఇట్లా రాస్తే మొహాల మీద వాతలు పెట్టినట్టే. అందుకని మా అమ్మాయి పెన్సిలు తీసుకుని, పాత క్యాలెండరు కాగితాల వెనక, కాగితానికి తెలియనంత తేలిగ్గా రాయడం నేర్చుకున్నాను. చెయ్యి కుదిరాక అత్తగారు చెప్తుంటే ఫోటోల వెనక రాశాను. మనిషి పేరు, ఎవరికి ఏమవుతారు, ఏ ఊరు, ఏ సందర్భం. ఒకరి ఊరు రెడ్డిగూడెమో జి.కొండూరో ఆమెకే సందేహం వచ్చింది. రెండూ రాసి ఊరుకున్నాను. తెలియనిది తెలిసినట్టు రాయకూడదని నాకప్పుడే అనిపించింది. ఆ పేర్లన్నీ ఫోటోల వెనక ఉన్నాయి, ఇక్కడ మళ్ళీ రాయను.

కొట్టాయన వేసిన నల్ల కాగితం తీసేసి, ఇంకో నల్ల కాగితానికి పాత వరసలో గాట్లు పెట్టాను. అట్టకీ గోడకీ మధ్య గాలి ఆడేటట్టు వెనక రెండు చెక్కముక్కలు కొట్టించాను. పాత అట్టని కలరా ఉండలతో, ఎండు వేపాకుతో చీరల పెట్టెలో దాచాను. అది ఇప్పటికీ ఉంది. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వాళ్ళ పటాలు పట్టుకొచ్చి, "మావాళ్ళవి కూడా రాసిపెట్టు కలెక్టరు గారూ" అన్నారు. ఆ పిలుపు అప్పటికి నాకు బాగానే అలవాటైంది.

బిగించే ముందు మా అత్తగారు అడిగింది. "కింద కుడిమూల ఖాళీయేగా?"

"అవునత్తయ్యా. కర్ర పట్టుకున్నాయనది."

"ఆయన పేరు నాకూ గుర్తులేదు. ఎవరో మా మామగారి స్నేహితుడు. అక్కడ నీది పెట్టు."

నాకు ఒకే ఒక్క ఫోటో ఉంది. వయోజన విద్య బడికి ఎవరో అధికారి వచ్చినప్పుడు తీసింది, వరసలో కూర్చుని పలక పట్టుకుని. పంతులమ్మ మా ఇంటికి ఒక కాపీ ఇచ్చింది. అందులో ఇంతమంది ఉన్నారు కదా అంటే, "నువ్వుంటే చాలు" అంది అత్తగారు. ఆ ఫోటో తిప్పి, అందరికీ రాసినట్టే తేలిగ్గా, నా పేరు రాసుకున్నాను. దాని కింద ఫలానా వారి కోడలు అని ఆమె పేరు రాశాను.

ఆ వచ్చిన శుక్రవారం అత్తగారు తలంటు పోసుకుని వచ్చింది. తడిబట్ట బదులు నేను పొడిబట్ట ఇస్తే కాస్త గొణిగింది కానీ, దానితోనే తుడిచింది. పాలకు వచ్చిన పక్కింటామెని ఆపి పటం చెప్పడం మొదలుపెట్టింది. అక్క, చిన్నాన్న, మామగారు, ఖాకీ నిక్కరు. ఎవరి చోట్లో వాళ్ళున్నారు. నేను వంటింట్లోంచి వింటున్నాను. కింది వరస దాటి వేలు కుడిమూలకి వచ్చిందని ఆమె గొంతును బట్టే తెలిసింది.

"ఇది మా కోడలు" అంది. "వీళ్ళందరి పేర్లూ వెనక రాసింది ఇదే. దీని పేరు కూడా ఇదే రాసుకుంది. కావాలంటే తిప్పి చూడు."